కోటలోకి కట్టకూడని బట్ట

కెనడాలో, మా విన్నిపెగ్ వీధిలో ప్రతి ఇంటి బేస్‌మెంట్‌లోనూ స్టూడెంట్లు నిండిపోయిన రోజులవి. మా బేస్‌మెంట్‌లో కరీంనగర్ అమ్మాయి ఉండేది. మంచి పిల్లే. కానీ గుమ్మంలో మంచు కారే బూట్లు, స్టవ్ మీద పొంగిన టీ, సరిగ్గా నేను దీపం ముందు కూర్చోగానే "ఆంటీ, ప్రింటర్ పనిచేస్తలేదు!" అన్న కేక. ఆ ఏడాది నా పారాయణ ఒక్క రోజూ ఒక్క బిగిన సాగలేదు.

ఆమెది టూరిజం కోర్సు. ఒక సబ్జెక్టు అప్పటికే ఒకసారి పోయింది. మళ్ళీ పోతే చదువు గడువులోగా అవదు, స్టడీ పర్మిట్ చిక్కుల్లో పడుతుంది. పాసవడమంతా ఒక్క ప్రెజెంటేషన్ మీదే ఆధారపడి ఉంది. ఇండోనేషియాలో జావా దీవిలోని పాత రాజధాని యోగ్యకర్తకు వెళ్ళే యాత్రికులు ఏం చూడాలి, అక్కడి పద్ధతులేమిటి, ఎలా మసలుకోవాలి అన్నది విషయం. నెల ముందు ఇచ్చిన పని అది. ముందు రోజు మధ్యాహ్నం వచ్చి నా డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచింది.

"రేపు పదకొండింటికి ఆంటీ. మూడు స్లైడ్లే అయినయ్."

"నెల్లాళ్ళూ ఏం చేశావే?"

"షిఫ్టులు ఆంటీ."

ఒళ్ళు మండింది. అయినా వీధి చివర ఉండే జావా ఆవిడకు ఫోన్ చేశాను. ఆవిడది ఆ ఊరే. ఇక్కడ స్కూల్ బస్సు నడుపుతుంది. నన్ను 'ఇబూ' అంటుంది, వాళ్ళ భాషలో అమ్మ అని. పాపం, రెండు ట్రిప్పుల మధ్య వచ్చింది, చంకలో రెండు బాతిక్ అద్దకం బట్టలు పెట్టుకుని.

సుల్తాన్ కోట గురించి, అందులో ఈనాటికీ చెప్పుల్లేకుండా తిరిగే కొలువువాళ్ళ గురించి చెప్పింది. పండుగనాడు కూరగాయలను కొండలా పేర్చి ఊరేగిస్తారట, జనం ఎగబడి తలా కాస్త ఇంటికి పట్టుకెళ్తారట. తెర వెనక దీపం పెట్టి తోలుబొమ్మలు ఆడిస్తారనగానే "మాకూ ఉన్నాయి!" అన్నాను. ఇంక అక్కణ్ణుంచి నా నోరు ఆగలేదు. నేను బడి మొహం చూడలేదు. అక్షరాలూ ఆచారాలూ మా అమ్మ దగ్గరే నేర్చుకున్నాను. అందుకేనేమో, ఆచారాల్లో నాకు తెలియనిది లేదనుకుంటాను.

రెండు బట్టల్లో ఒకదాని మీద చిన్న చిన్న పూలు. రెండోదాని మీద కత్తుల్లా ఏటవాలుగా సాగే చారలు.

"ఈ చారలది చూడు ఎంత దర్జాగా ఉందో! రేపు దీన్నే భుజం మీద వేసుకో. కోటకు వెళ్ళేవాళ్ళు ఇలాంటిదే కట్టుకోవాలని స్లైడ్‌లో పెట్టు. గుడికి ఉన్నవాటిలో మంచిది కట్టుకుని వెళ్ళమూ? కోటైనా అంతే." ఆవిడ వైపు తిరిగి నా వచ్చీరాని ఇంగ్లిష్‌లో అడిగాను, "అంతే కదమ్మా?"

ఆవిడ నవ్వి తల వంచింది. "అవును ఇబూ, అవును."

"ఆంటీ, ఆమె మొహం చూస్తే గట్ల అనిపిస్తలేదు."

"అవునంటోందిగా! టైపు చెయ్యి."

ఆవిడ వెళ్ళేటప్పుడు స్టీలు డబ్బాలో పులిహోర పెట్టిచ్చాను.

మర్నాడు పొద్దున అమ్మాయి చారల బట్ట తీసుకుని వెళ్ళిపోయింది. పదింటికి ఆవిడ నా డబ్బా నిండా వేపుడు వేసుకుని తెచ్చింది. వాళ్ళూ గిన్నె ఖాళీగా ఇవ్వరట. కూర్చుంది. మంచు గురించి మాట్లాడింది. నా మోకాళ్ళ గురించి, కిటికీలోని తులసి మొక్క గురించి మాట్లాడింది. అరగంట గడిచాక అంది, "పూల బట్ట మెత్తగా ఉంటుంది ఇబూ. అమ్మాయికి అది బాగుంటుందేమో."

"చారలదే బాగుందమ్మా."

"అవును." కాసేపు కప్పులోకి చూసింది. "మా నాయనమ్మ కోట వైపు వెళ్ళేటప్పుడు చారలది పెట్టెలోనే ఉంచేది."

అప్పటికి నా బుర్రకెక్కింది, గుచ్చి గుచ్చి అడిగాను. ఆ చారలు సుల్తాన్ కుటుంబానివట. కోట లోపల బయటివాళ్ళు అవి కట్టకూడదట.

"మరి నిన్న అవునన్నావేం తల్లీ!"

"మీరు పెద్దవారు. మీ ఇంట్లో, మీ టీ తాగుతూ, కాదని ఎలా అనను?"

ఆవిడ మర్యాద మీద విసుగొచ్చింది. ఆ పిల్ల బద్ధకం మీద వచ్చింది. అన్నిటికంటే నా నోటి మీద ఎక్కువ వచ్చింది. ఫోన్ చేశాను. నాలుగుసార్లు ఎత్తలేదు. ఐదోసారికి ఎత్తింది.

"ఆంటీ, లోపలికి పోతున్న!"

"ఆ బట్ట తీసెయ్యి! కోటలోకి అది కట్టకూడదట. స్లైడ్ మార్చు."

"నిన్న మీరే గదా చెప్పింది!"

"నేనే. నాకు తెలీదు. మార్చు."

"మస్తు చెప్పిన్రు ఆంటీ!" ఫోన్ పెట్టేసింది.

నేను దీపం వెలిగించాను. ఆవిడ ట్రిప్పు టైమయ్యేదాకా నా పక్కనే కూర్చుంది. ఆ పూట ఆవిడను నా ఇంటికి పంపినందుకు ఇప్పటికీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

మూడింటికి గుమ్మంలో బూట్లు, చుట్టూ నీళ్ళు.

"పాసైన ఆంటీ! స్లైడ్ మార్చనీకి టైం దొరకలే. అందరి ముందే బట్ట తీసి, ఇది తప్పు అని చెప్పిన. మా ఆంటీ జవాబు తనే చెప్పి 'అంతే కదా' అనడిగింది, ఆమె మర్యాదకు అవునన్నది, మీరు అక్కడికి పోతే అట్ల అడగొద్దు అన్న. మా మేడమ్‌కు అదే నచ్చింది. మీ పరువు తీసిన, ఏమనుకోకుండ్రి."

"ముందు ఆ బూట్లు తియ్యి!"

శుక్రవారం ఆవిడకు మళ్ళీ పులిహోర పంపాను. ఆదివారం ఆవిడ కనిపిస్తే అడిగాను, "ఉప్పు సరిపోయింది కదా?"

"సరిపోయింది ఇబూ." అదే నవ్వు.

నాలుక కరుచుకుని మళ్ళీ అడిగాను, "ఉప్పు ఎలా ఉంది?"

ఆవిడ చేతి గ్లోవు సర్దుకుంది. రోడ్డు అటు చివరకు చూసింది.

"కొంచెం ఎక్కువ," అంది.