పలక తిప్పే ఆదికేశవులు మామ

ఆదికేశవులు మామకు చదరంగంలో గెలిచే వైపు కూర్చోవడం గిట్టేది కాదు. ఎదుటివాడి ఆట పాడైందని తెలిసిన మరుక్షణం పలకను రెండు చేతులా పట్టుకుని తిప్పేసేవాడు. మన పాడైన ఆట ఆయనది, ఆయన చక్కటి ఆట మనది. పోనీ అంతటితో వదిలేవాడా? ఆ పాడైన ఆటతోనే మళ్ళీ మనల్ని ఓడించేవాడు. ఒక్క ఆటలో మనిషిని రెండుసార్లు ఓడించే విద్య తిరుత్తణి మొత్తం మీద ఆయనొక్కడికే ఉండేది. ఇంకొకడికి కూడా ఉంటే నేను బతికి ఉండేవాణ్ణి కాదు.

ఆయనకు కొండమెట్ల దగ్గర కొబ్బరికాయల అంగడి. నాకు స్టేషనులో టికెట్లిచ్చే ఉద్యోగం. పగలంతా రేణిగుంటకు, అరక్కోణానికి టికెట్లు కొట్టి కొట్టి, సాయంత్రం ఒళ్ళు హూనమై ఆయన తిన్నె మీద కూలబడేవాణ్ణి. మొదటి ఆరునెలల్లో ఆట చకచకా పట్టుబడింది. ఇంకేముంది, ఏడాది తిరిగేసరికి నాకు ఎదురుండదనుకున్నాను. ఆ తరవాత రెండేళ్ళు అంగుళం ముందుకు జరిగితే ఒట్టు!

"గుర్రం పోయింది మామా. ఓడిపోయినా."

"గుర్రం పోతే యామి? రాజు బతికే ఉండాడు కదరా! తిప్పు."

తిప్పేవాడు. ఆ కుంటి సైన్యంతోనే పావుగంటలో నా రాజును మూలకు తరిమి, "ఆటకట్టు" అనేవాడు.

"ఎట్లా మామా?"

"నువ్వు పోయినదాన్ని చూస్తా ఉండావు. నేను మిగిలినదాన్ని చూస్తా ఉండా."

కొన్నాళ్ళకు నాకు ఓపిక పూర్తిగా నశించింది. "మామా, నీకు పుణ్యముంటుంది, ఈ పొద్దు తిప్పొద్దు. ఒక్కసారే ఓడి ఇంటికి పోతా" అని బతిమాలాను. వింటేనా! ఆయన భార్య వళ్ళియమ్మత్త అయితే, చట్నీలో ఉప్పెక్కువైనా ఈయన తన విస్తరాకు తిప్పి ఆమె వైపు పెట్టేస్తాడని చెప్పేది.

మరి ఇంత పాటు ఎందుకు పడ్డానంటారా? మా బావ ధనకోటి కోసం. మా ఆవిడ చంద్రావతికి సొంత అన్న, పొదటూరుపేటలో మోతుబరి. ఏటా ఆడికృత్తిక పండగకు కొండకొచ్చి మా ఇంట్లోనే దిగేవాడు. మా పెళ్ళయిన ఏడు చదరంగం మీద పందెం వేశాడు. ఓడినవాడు కొండమీది సామికి తలనీలాలివ్వాలి. మూడేళ్ళు వరసగా ఇచ్చింది నేనే. నన్నొక మహాభక్తుడనుకుని ముసలమ్మలు టికెట్ల కిటికీ దగ్గర దణ్ణాలు పెట్టేవారు.

చంద్రావతి మాత్రం పెట్టలేదు. "దువ్వుకునేంత జుట్టు వచ్చేసరికి మళ్ళా ఆడి నెల వస్తాది. పెండ్లినాడు చూసిందే మీ క్రాపు! ఈ తూరి మొట్టతలతో వస్తిరా, మాయన్న బండెక్కి పోతా" అని తేల్చి చెప్పింది. అన్నంత పనీ చేసే మనిషి.

నాలుగో ఏడు ఆడికృత్తిక రానే వచ్చింది. ఆట సగమయ్యేసరికే నా రెండో ఏనుగు కూడా పోయింది.

"మంగలాయన్ను పిలవమందునా బావా?" అన్నాడు ధనకోటి, మురుకు కొరుకుతూ.

మునుపైతే అక్కడే పావులు చెరిపేసి లేచేవాణ్ణి. ఆ రోజు లేచే ఓపిక కూడా లేక అట్లాగే కూర్చుండిపోయాను. చూద్దును కదా, బావ కూర్చున్న చోటు నాకు బాగా తెలిసిన చోటే! మామ పలక తిప్పిన ప్రతిసారీ నేను కూర్చున్నది అక్కడే. గెలిచేశామనుకున్నవాడు ఎక్కడ ఒళ్ళు మరుస్తాడో నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? రెండేళ్ళు రోజూ మరిచింది నేనే కదా! మిగిలినవాటిని చూసుకున్నాను. ఒక గుర్రం, మంత్రి, నాలుగు బంట్లు. బావ రెండో మురుకు అందుకునేలోపల గుర్రం దూకింది. మూడోది నోట్లో ఉండగానే మంత్రి వెళ్ళి ఆయన రాజు పక్కన నిలబడ్డాడు.

"ఆటకట్టు బావా."

వంటింటి గుమ్మంలో చంద్రావతి పకపకా నవ్వింది. బావ తల తడుముకుంటూ కొండ వైపు నడిచాడు.

నేను ఒక్క పరుగున మామ అంగడికి వెళ్ళాను. "మామా! గెలిచినా! నా జుట్టు..." అని ఆగిపోయాను. మామ నున్నటి గుండు మీద గంధం పూసుకుని, కొబ్బరికాయలు పేర్చుకుంటున్నాడు.

"ఇదేంది మామా?"

"ఉక్క పోస్తా ఉంటే తీయించినా."

"ఉక్కంట ఉక్క!" అంది లోపలినుంచి వచ్చిన వళ్ళియమ్మత్త. "నీ జుట్టు నిలిస్తే తన జుట్టిస్తానని మొక్కినాడు నాయనా. ఆట అయిందాకా ఆగమంటే, వాడి ఆట నాకు తెలుసు, సామికి ముందే ఇచ్చేస్తే మేలని పొద్దున్నే కొండెక్కినాడు."

మామ ఇటు తిరగలేదు.

"నలభై ఏండ్లుగా ఆడతా ఉండాడు. నీతో తప్ప ఎవురితోనూ పలక తిప్పింది లేదు" అంది అత్త. "నువ్వు దిగాలుగా ఇంటికి పోతావుంటే చూడలేక, గెలిపిద్దామనే తిప్పేది."

"మరి రెండోసారి కూడా ఓడిస్తాడేమత్తా!"

"ఏం చేసేది నాయనా? నీ ఆట చూసి ఆగలేడు."

"ఊరికే ఉండవే!" అని కసిరి, మామ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఇంతకీ ఎట్లా గెలిచినావు? మొదటి ఎత్తు నుంచి చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను. రెండో ఎత్తుకే, "ఛీ, అదేం ఎత్తురా!" అని రెండు చేతులా తల కొట్టుకున్నాడు. చేతులకంటిన గంధాన్ని నా చొక్కాకు తుడిచి, "ఊఁ, ఆమీద?" అన్నాడు.