సోఫా మీది లడ్డూ

ఆ రోజుల్లో నాకొక పిచ్చి నమ్మకం ఉండేది: బొమ్మ చక్కగా గీస్తే చాలు, లోకం దాన్ని చూసి బుద్ధి తెచ్చుకుంటుందని. బేగంపేటలో పిల్లల పుస్తకాలు వేసే ఒక చిన్న ఆఫీసులో బొమ్మలు గీసే కొత్త ఉద్యోగం నాది. మొదటి పుస్తకం, ఒక కుటుంబం వీధికుక్కను ఇంటికి తెచ్చుకుని పెంచుకునే కథ. నమూనా కోసం వెతుక్కోనక్కర్లేదు, లాలాగూడలో మా రైల్వే క్వార్టర్ గేటు ముందు లడ్డూ ఉండనే ఉంది. ఒక చెవి సగం చిరిగి, వీపంతా గజ్జి పట్టి, తోక విరిగి పక్కకు తిరిగి ఉండేది (పేరు మాత్రమే తియ్యన). ఉన్నదున్నట్టు గీసి తీసుకెళ్తే మా మేడమ్ హడలిపోయింది. "పిల్లలు జడుసుకుంటారమ్మా, జెర క్లీన్ చెయ్యి" అంది. అదే కాగితం మీద రబ్బరు పెట్టి చెవి అతికించాను, గజ్జి మాన్పాను, తోక నిలబెట్టాను. అంత హస్తవాసి ఏ పశువుల డాక్టరుకూ ఉండదు. చివరి పేజీలో లడ్డూ సోఫా మీద హాయిగా నిద్రపోతోంది. ఇంట్లో చూపిస్తే అమ్మ, "బొమ్మల ఏడ పండవెట్టుకుంటవో పండవెట్టుకో బిడ్డా, నా గడప తొక్కిందంటే కాళ్లిరగ్గొడ్త" అంది. ఆ మాట అంటూనే రోజూ పొద్దున మొదటి రొట్టె దానికే వేసేది.

ఒకరోజు కుక్కల బండి వచ్చి మా వీధి కుక్కలన్నిటినీ ఆపరేషన్లకని పట్టుకెళ్లింది. మిగతావన్నీ చెవికి కత్తెర గుర్తుతో తిరిగొచ్చాయి, లడ్డూ రాలేదు. గేటు దగ్గర ఎండిపోయిన రొట్టెలు చూసి అమ్మే అంది: "నడువు, పోయి తెచ్చుకుందం. ఇగ లోపట్నే ఉంచుకుందం, ఏదైతే అదైతది."

కుక్కలను ఉంచే చోట మమ్మల్ని లోపలికి పోనివ్వలేదు. గుర్తు చూపిస్తే వెతుకుతానన్నాడు అక్కడి మనిషి. నా ఫోన్‌లో దాని ఫొటో ఒక్కటీ లేదు (బొమ్మలు గీసేవాళ్లు ఫొటో తీయడం నామోషీ అనుకునేదాన్ని). చేసేదిలేక సంచిలో ఉన్న సోఫా పేజీ తీసి ఇచ్చాను. అతను అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిసుంటి కుక్క మాతాన ఎందుకుంటదమ్మా? దీనికి ఇల్లున్నది గదా!"

కాగితం లాక్కుని బాల్‌పెన్నుతో చెవి చింపాను, తోక విరిచాను, వీపంతా గజ్జి పొడిచాను. అమ్మ పక్కనుంచి, "కంటికింద మచ్చ మరిచినవ్" అంటోంది. ఈసారి చూడగానే అతని మొహం మారింది. "అరె, ఇదా! ముందే గిట్ల చూపియ్యొద్దా?" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. అతను తల దించుకుని, "మొన్ననే పోయిందమ్మా. వచ్చినప్పుడే మస్తు బీమార్ ఉండె" అన్నాడు.

అమ్మ సంచిలోంచి రొట్టె తీసి, ఏం చేయాలో తోచక మళ్లీ లోపలే పెట్టుకుంది. ఇంటికొచ్చాక ఆ కాగితాన్ని వంటింటి గోడకు అతికించింది. "లోపట్నే ఉంచుకుందమని అంటి గదా" అంది, అంతే.

ఆఫీసుకి ఆ పేజీ మళ్లీ గీసిచ్చాను, పుస్తకం నిలబడ్డ తోకతోనే వచ్చింది. పిల్లలకు బాగా నచ్చింది. ఇప్పటికీ అమ్మ దగ్గరికి వెళ్తే, పోపు మరకలు పడ్డ ఆ బొమ్మ ముందు కాసేపు నిలబడతాను. కుక్క ప్రాణం కోసం పెన్ను పట్టుకుని అంత ఆదరాబాదరాగా గజ్జి గీసిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కళ్లూ చెమరుస్తాయి. ఆ తర్వాత చాలా కుక్కలను గీశాను గానీ, ఇంతగా పోలిక కుదిరింది ఇదొక్కటే.