మా అక్క బోరుబావికి యొర్దాను నీళ్లు

మహిమలు లేవని అనంతపురం జిల్లాలో మైకు దొరికిన ప్రతిచోటా ముప్పై ఏళ్లుగా అరిచినవాణ్ణి నేను. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేను తిరుగుతూ, అది లేచి నిలబడిన చోట బోరు వేయమనే ఒకాయనతో రాప్తాడు దగ్గర మధ్యాహ్నం దాకా ఎండలో వాదించాను. ఆయన చూపించిన చోట నీళ్లు పడలేదు. నేను గెలిచాను. రైతు మునిగాడు కాబట్టి చప్పట్లు కొట్టేవాళ్లు లేకపోయారు.

అటువంటి నన్ను యెరూషలేము యాత్రకు తోడు రమ్మంది మా అక్క. ఆమె నర్సు పని చేస్తూ క్రైస్తవంలో కలిసింది. నేను సైన్సు అయ్యవారిగా పని చేస్తూ ఎందులోనూ కలవకుండా మిగిలాను. కంబదూరు దగ్గర ఆమెకు ఎనభై చీనీ (బత్తాయి) చెట్లు, ఒక బోరు ఉన్నాయి. రెండేళ్లుగా ఆ బోరు గాలి తప్ప ఏమీ పోయడం లేదు. చెట్లు ఆకులు ముడుచుకున్నాయి. అక్కడి యొర్దాను నది నీళ్లు తెచ్చి బోరులో పోస్తానని అక్క ప్రార్థనలో మాట ఇచ్చేసింది.

"నీళ్లు యాడివైనా ఒకటే అక్కా. రెండు పాళ్లు హైడ్రోజను, ఒక పాలు ఆక్సిజను."

"అయితే ఆ మూడు పాళ్లూ మన బోర్లో ఎందుకు లేవు రా? మాట్లాడకుండా రా. ఆడ పాస్టరయ్యతో పంచాయితీ పెట్టినావంటే నిన్ను ఆడనే వదిలేసి వస్తా."

బెత్లెహేములో నోరు మూసుకున్నాను. గలిలయ సరస్సు ఒడ్డున పాస్టరు గారు ప్రభువు నీళ్ల మీద నడిచిన సంగతి చెబుతుంటే నాలుక దురద పెట్టింది. ఆయన వెనక్కి తిరిగి చూసేసరికి మనుషులు లేరు. యాత్రికులంతా పక్కనున్న అరటితోటలో డ్రిప్పు పైపుల చుట్టూ గొంతుక్కూర్చున్నారు.

"ఏమప్పా, చుక్క ఎంత బాగా పడతాందో చూడు! మన పైపులకు మాదిరి ఉప్పు పట్టలేదే!"

పాస్టరు గారు కోపంగా వచ్చారు. ఆయనకూ చీనీ తోట ఉంది. రెండు నిమిషాల్లో ఆయనా మోకాళ్ల మీద వంగారు. ప్రార్థనకు అనుకుంటే పొరపాటు.

యొర్దాను చూసి సగం మంది నిరాశపడ్డారు.

"ఇదేనా నది? మన పెద్ద కాలువంత కూడా లేదే!"

"నీళ్లుండాయి కదన్నా," అంది అక్క. "మన పెన్నలో ఏముండాది, ఇసక తప్ప?"

"ఇప్పుడు ఇసక కూడా లేదులేమ్మా."

అక్క లీటరు సీసా నింపింది. పెట్టెలో వేస్తే పగులుతుందని చేతిసంచిలో పెట్టుకుంది. అదే తప్పయింది. విమానాశ్రయంలో పెట్టెలు లోపలికి పోయాక, తనిఖీ చేసే అమ్మాయి సీసా బయటికి తీసి, నీళ్లు విమానంలోకి తేకూడదని చెత్తబుట్ట చూపించింది. వదిలెయ్ అక్కా అనబోయి ఆమె ముఖం చూశాను. ఎనభై చెట్లూ ఒకేసారి ఎండిపోయినట్టుంది.

అప్పుడు నా నోటి నుంచి వచ్చిన ఇంగ్లీషును ఇక్కడ ఒప్పుకోక తప్పదు. ఇవి పవిత్రజలాలనీ, ఒక స్త్రీ విశ్వాసమనీ, పారబోయడం అపచారమనీ వాదించాను. ఆ అమ్మాయి ఓపికగా విని, నీళ్లు ఏవైనా నియమం ఒకటే అంది. ఆ యాత్ర మొత్తంలో నాకు దొరికిన హేతువాది ఆమె ఒక్కతే.

"పారబోయమ్మా, దేవుడు మనసు చూస్తాడు," అన్నారు పాస్టరు గారు.

"నీళ్లు పారబోసేదా?" అంది అక్క. బియ్యం కడిగిన నీళ్లు ఎనుము కుడితికి, గిన్నెలు కడిగినవి కరివేపాకు చెట్టుకు పోయే ఇల్లు మాది. చిన్నప్పుడు కరువులో వంకలో చెలమ తవ్వితే చెంబు మునిగేంత నీళ్లు కూడా ఊరేవి కావు. మా అమ్మ అందులో పాతగుడ్డ నానబెట్టి కడవలోకి పిండేది. అక్క నా భుజం మీది తువ్వాలు లాగి, చుక్క కింద పడకుండా సీసా మొత్తం దాంట్లో ఇంకించింది. ఖాళీ సీసా బుట్టలో వేసి, తడి తువ్వాలు నా మెడకు చుట్టింది. తడిసిన తువ్వాలుకు నియమం లేదు కాబోలు, ఆ అమ్మాయి నవ్వి వదిలేసింది.

విమానంలో చలికి పళ్లు టకటక కొట్టుకున్నాయి. తీయబోతే అక్క చేతి మీద కొట్టింది. బెంగుళూరులో దిగేసరికి నాకు జలుబు మిగిలింది, తువ్వాలు అప్పడమైంది.

మరునాడు బోరు మూత తీసి అక్క పిండింది. చుక్క రాలలేదు. మళ్లీ పిండింది.

"ఆవిరైపోయినాయి అక్కా," అన్నాను మెల్లగా.

"ఆవిరి యాడికి పోతాది?"

"పైకి."

"పైకి పోయి?"

"మబ్బవుతాది."

"మబ్బయి?"

ముప్పై ఏళ్లు పిల్లలకు నేను చెప్పిన పాఠమే అది.

"అయితే దారిలో ఉండాయి," అంది అక్క. "అవి వచ్చిందాకా చెట్లు ఆగవు. ట్యాంకరాయనకు ఫోన్ చెయ్."

ట్యాంకరు వచ్చింది. మొదటి బిందెలో అక్క నా తువ్వాలు ముంచి బోరులోకి దోసెడు నీళ్లు పిండింది. మిగిలినవి మొదటి చీనీ చెట్టు పాదులో పోసింది. అంతసేపూ బోరు మూత పట్టుకుని నిలబడింది నేనే.

"ఏం రా, వాదించవా?"

"ఇంకా డెబ్బై తొమ్మిది చెట్లుండాయి. అన్నిటికీ పోసినాక వాదిస్తాలే."