బట్టమేక పిట్ట కోసం ఆగిన బస్సు

పందొమ్మిదొందల యాభైల్లో ఒకసారి నందికొట్కూరు నుంచి కర్నూలు పోయే బస్సులో ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. ఖాకీ నిక్కరు, గుడ్డ టోపీ. మాట మాత్రం మన సీమదే. పటాలంతో ఆఫ్రికా పోయి, యుద్ధం అయిపోయాక ఆడనే ఉండిపోయాడట. అడవి మృగాలను చూడ్డానికొచ్చే దొరలకు డేరాలు వేయించి, తిండీ నీళ్లూ చూసే మేనేజరట.

"కష్టమైన పనేనా?" అన్నాను.

"పొద్దు పుట్టకముందే వేన్నీళ్లు, కాఫీ అందాల. అది పెద్ద పని కాదప్పా. సింహం కనపడని దినం కూరలో ఉప్పు లేదని తిడతారు. కనపడిన దినం ఉప్పెయ్యకపోయినా తినేస్తారు."

బస్సు ఆలస్యమైందని జనం డ్రైవరును తిడుతున్నారు. ఉన్నట్టుండి ఆయన లేచి డ్రైవరు వెనక రేకు తట్టాడు. ఎవరో దిగుతారనుకుని డ్రైవరు ఆపాడు.

"ఎవురూ దిగొద్దండి, మాట్లాడొద్దండి. ఎడమపక్క చూడండి," అన్నాడాయన మెల్లగా.

కొర్రచేలో నెమలంత బట్టమేక పిట్ట మెడ నిక్కించి నడుస్తోంది. మాకు పుట్టినప్పటినుంచీ తెలిసిన పిట్టే. అయినా బస్సంతా కిటికీల్లోకి వంగింది. కండక్టరు రైట్ అనబోతే ముందు సీట్లో అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండప్పా, అది చేను దాటనీ. ఆ చేను మాదే."

బస్సు కదిలాక ఆయన అందరివైపూ తిరిగి, "బాగుండెనా?" అని అడిగాడు. కర్నూలు దాకా డ్రైవరును ఎవరూ ఏమీ అనలేదు.

ఆ రాత్రి ఇంట్లో నా తర్వాత సంగటికి కూర్చున్న మా ఇంటామె, "పప్పులో ఉప్పే లేదు గదా, ఎట్లా తింటివి?" అనేదాకా నాకు తెలీలేదు.