గడ్డ పట్టని ఉల్లితో మిర్యాలగూడకు

మిర్యాలగూడ దవాఖానలో పెద్ద నర్సమ్మకు జ్వరం తగ్గింది గానీ ముద్ద దిగడం లేదని నాకు సూర్యాపేటకు కబురొచ్చింది. నాకు కాంపౌండరు పని నేర్పిన ఇంగ్లండు మనిషి ఆవిడ. ఇలాగే ఉంటే ఓడెక్కించి వాళ్ళ దేశం పంపిస్తానని డాక్టరు గట్టిగా చెప్పాడట. ఆవిడేమో పోనంటోంది. జ్వరంలో "లీకు, లీకు" అని కలవరిస్తుంటే, దవాఖాన ఆయా పైకప్పు కారుతోందనుకుని పెంకులు సర్దే మనిషిని ఎక్కించిందట! అది కూర పేరని, వాళ్ళమ్మ దాంతో సూపు కాచేదని తర్వాత తెలిసింది. సికింద్రాబాదు మార్కెట్ నుంచి ఒక కట్ట తెప్పించాను. చూస్తే బాగా లావెక్కిన ఉల్లికాడలే, వేళ్ళతో సహా. అడుగున గడ్డ మాత్రం లేదు.

పోలీసు చర్య అయిన తర్వాతి చలికాలం అది. మిర్యాలగూడకు తిన్నగా పోయే బస్సు లేదు, కోదాడ మీదుగా పోవాలి. మధ్యాహ్నం రెండింటి బస్సు నాలుగింటికి కదిలింది. ఒళ్ళోని కట్టను చూసి పక్కనున్న ముసలాయన జాలిపడ్డాడు.

"గింత ముదిరిన నారు నాటితే ఏం గడ్డ పడతది కొడుకా?"

"నారు గాదు తాతా, జబ్బు మనిషికి."

"అట్లనా! ఉల్లి చేసిన మేలు తల్లి గూడ చెయ్యదు" అని జరిగి చోటిచ్చాడు.

కోదాడలో బస్సులు ఆగే చోటే హోటలుంది, భోజనం వేడిగా పెడతారు. నాకు ఊళ్ళో అక్క ఉంది కాబట్టి ఆ భాగ్యం లేదు. కాడల కూర వడ్డించింది. పీచు నమిలీ నమిలీ దవడలు లాగాయి. అయినా బాగుందన్నాను. అక్క వంటకు వంక పెట్టి బతికిన తమ్ముడెవడు?

పొద్దున బయలుదేరబోతే సంచి ఖాళీగా ఉంది.

"నాటేశానురా" అంది అక్క తాపీగా. "గడ్డ పట్టకుండానే ఎవరో పీకేశారు, పాపం వాడిపోతున్నాయి. కొసలు కోసి పెరట్లో గుచ్చి నీళ్ళు పోశా. రాత్రి నువ్వు తిన్నది ఆ కొసలే."

నారు నాటేముందు కొసలు తుంచడం మా వైపు అందరికీ అలవాటే. నాకు మాత్రం ఓడ కళ్ళ ముందు నిలిచింది. నర్సమ్మ సంగతీ ఓడ సంగతీ చెబుతూనే పరుగెత్తి ఒక్కొక్కటీ పీకాను. బురద పొరల్లోకి దూరిపోయింది. "ఉల్లికి గడ్డ లేకపోతే నాదా తప్పు?" అని అక్క నన్నే కసిరింది.

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. వంటావిడ లీకుల్ని పైపైన కడిగి కత్తిపీట ముందు కూర్చుంది. పక్కగదిలో పడుకున్న నర్సమ్మ తలుపులోంచి చూసి గభాలున లేచొచ్చింది.

"ఆగు! గిట్ల కోస్తే మట్టంత సూపులకొస్తది. ఇటియ్యి."

ఏళ్ళ తరబడి రోగులు నేర్పిన తెలుగు అది. కాడల అడుగు వేళ్ళు కోసేసింది. తెల్లకాడను నిలువునా చీల్చి, పొరలు విప్పి, నీళ్ళలో తలకిందులుగా ముంచి జాడించింది. నీళ్ళు మార్చి మళ్ళీ జాడించింది. సన్నగా తరిగి వెన్నలో మగ్గబెట్టమని, ఆలుగడ్డ వేసి ఉడికించమని చెప్పింది. "గింత బురద ఏడిదే?" అని ఆశ్చర్యపోయింది. నేను బురదనీళ్ళు పారబోసే వంకతో పెరట్లోకి జారుకున్నాను.

సూపు తయారయింది. డాక్టరుతో సహా అందరం చుట్టూ నిలబడ్డాం. నర్సమ్మ ఒక చెంచా తాగి కళ్ళు మూసుకుంది. ఇంకొకటి తాగింది.

"సప్పగున్నది బిడ్డా."

నా ప్రాణం ఉసూరుమంది.

"మా అమ్మ గిట్లనే చేసేది" అంది ఆవిడ, తనకే వింతగా ఉన్నట్టు. "జర అన్నం పెట్టుండ్రి. ఎల్లిపాయ కారం ఉన్నదా?"

సూపు అన్నంలో పోసుకుని, కారం కలుపుకుని, కంచం ఖాళీ చేసింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

మర్నాడు తిరుగు బస్సెక్కాను. ఈ దారిన వచ్చేవాళ్ళకు చెప్పేదేమంటే, బస్సులు ఆలస్యం, రోడ్డంతా గతుకులు, మీ సంచిలో ఏముందో మీకంటే జనానికే ఎక్కువ పట్టింపు. కోదాడలో దిగగానే అక్క ఎదురొచ్చింది.

"తిన్నదా?"

"కడుపునిండ తిన్నది."

"మరి ఓడ?"

"డాక్టరు గూడ అదే అడిగిండక్కా. 'పోతే గాడ నాకు కారం ఎవరు నూరిపెడతరు?' అన్నది."