కింది గది గోడలు

మా ఇల్లు సముద్రం అవతలి ఈ జార్జ్ టౌన్ శివారులో కొండ వాలు మీద ఉంది. పై రోడ్డు నుంచి నిటారు మెట్లు దిగి హాల్లోకి రావాలి. హాలు కింద ఇంకో గది ఉంది. దాని వెనక గోడా, ఒక పక్క గోడా పూర్తిగా మట్టిలో కూరుకుపోయి ఉంటాయి. ముందు తలుపు మాత్రం కింది సందులోకి సమంగా తెరుచుకుంటుంది. చాలా ఏళ్లు ఆ గదిని పాత సామాను పడేయడానికే వాడాం. అక్కడ వదిలేసిన తోలు చెప్పులకు చూస్తుండగానే పచ్చటి బూజు పట్టేది.

నిరుడు మా అక్కకు షుగరు వల్ల మోకాలి కింద కాలు తీసేశారు. అక్క టైలరు. పెళ్లి చేసుకోకుండా, జాకెట్లు కుట్టుకుంటూ సొంతంగా బతికిన మనిషి. ఆమె ఉండే ఫ్లాట్లలో లిఫ్టు పనిచేసే రోజులు తక్కువ. చక్రాల కుర్చీతో మా హాల్లోకి రావడమూ కుదరదు. ఎవరి సాయమూ లేకుండా ఆమె వచ్చిపోగలిగేది కింది గదిలోకే. గది ఖాళీ చేయించాను. స్నానాల గది వెడల్పు చేయించాను. గోడలకు రంగు వేయించి, ఏసీ పెట్టించి ఆమెను తీసుకొచ్చాను. కుట్టుమిషను కిటికీ పక్కన పెట్టాం.

కొన్నాళ్లకే వెనక గోడ మీద నీటి బొట్లు కనిపించాయి. తర్వాత నల్లటి మచ్చలు, ముక్క వాసన. అక్కకు దగ్గు పట్టుకుంది. ఒక రోజు పొద్దున నేను కిందికి వెళ్లేసరికి ఆమె ఒళ్లో ఎవరిదో పట్టు జాకెట్టు ముక్క ఉంది. గోడవైపు పెట్టిన అంచంతా మరక.

"సూడవే, గోడకి సెమట్లు పడతన్నాయి. ఈ గుడ్డ ఇచ్చినావిడికి నానేటి సెప్పాల? నా ఫ్లాటుకి నాను పోతాను."

"ఎలా పోతావు? అన్ని మెట్లు ఎవరెక్కిస్తారు?"

అక్క ఆ పట్టు ముక్కను మడతపెడుతూ కూర్చుంది. ఆమెను మళ్లీ ఆ మెట్ల పాలు చేయకూడదని నేను అక్కడే నిశ్చయించుకున్నాను.

మా ఆయన ఇంకో కోటు రంగు వేయిద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఫోన్లో చదివాను, వీడియోలు చూశాను. ఇలాంటి గదులున్న పొరుగువాళ్ల ఇళ్లకు వెళ్లి గోడలు తడిమి చూశాను. మెల్లగా విషయం అర్థమైంది. ఏసీ గదితో పాటు ఆ కాంక్రీటు గోడను కూడా చల్లబరుస్తోంది. తలుపు తీయగానే బయటి ఉక్క గాలి వచ్చి, ఐసు వేసిన టీ గ్లాసుకు పట్టినట్టు ఆ గోడకు నీరై పడుతోంది. పైనుంచి వాననీరు మట్టిలోకి ఇంకి గోడలోకి దిగడం ఇంకో సంగతి.

మాకు తెలిసిన మేస్త్రి ఒకాయన ఉన్నాడు, మా తెలుగువాడే. గోడలకు లోపల, వేడినీ చల్లదనాన్నీ దాటనివ్వని ఫోమ్ పలకలు అంటించాలని చెబితే నవ్వాడు.

"ఇదేటక్కా, మంచు కురిసే దేశమా? ఈ ఎండల్లో గోడకి దుప్పటి ఎందుకు?"

"ఏసీ చల్లదనం గోడకి పోకుండా ఉండడానికి. నువ్వు చేస్తావా, ఇంకొకళ్లని చూసుకోనా?"

ఇక్కడివాళ్లలా మాట చివర 'లా' తగిలిస్తూ అన్నాడు, "సేస్తాను లా, కోప్పడకండి. ముందు బయటి నీళ్లు ఆపాల మరి. లేకపోతే పలకల ఎనకాల సెరువే."

ఆ మాట నిజమే. ముందు ఇంటి వెనక మట్టి తవ్వించి, గోడకు నీరు పట్టని పూత వేయించి, కాలువ కట్టించాం. పెద్ద వాన పడేదాకా ఆగాం. లోపల తడి రాలేదని చేత్తో తడిమి చూసుకున్నాకే పలకలు తెప్పించాను. వాటిని సందు లేకుండా గోడకు అంటించి, అతుకుల మీద టేపు వేసి, పైన బోర్డులు బిగించాలి. బోర్డులు ఎక్కించబోతుంటే అక్క కుర్చీ తోసుకుంటూ వచ్చి టేపు మీద గోరుతో గీస్తూ పోయింది. ఒకచోట ఆగింది.

"ఇక్కడ కుట్టు ఇడిపోనాదే. గాలి దూరిపోతాది."

మేస్త్రి మారుమాట లేకుండా ఆ టేపు పీకి మళ్లీ వేశాడు.

ఆ తర్వాత వానలు ఎడతెరిపి లేకుండా పడ్డాయి. వెనక గోడ పొడిగానే ఉంది. ఇదివరకు రోజంతా మోగే ఏసీ ఇప్పుడు కాసేపు వేసి కట్టేసినా గది చల్లగానే ఉంటోంది. పై రోడ్డు మీది మోటారు సైకిళ్ల రొద కూడా చాలా తగ్గింది. అది మేం అనుకోని లాభం. స్నానాల గది మూల మాత్రం ఇప్పటికీ కాస్త బూజు పడుతుంది. అక్క వెనిగరు గుడ్డతో తుడిచేస్తుంది. దగ్గు పోయింది.

ఈమధ్య ఒక సాయంత్రం టీ తీసుకుని కిందికి వెళ్లాను. ఎవరో ఇద్దరు ఆడవాళ్లు కొలతలు ఇస్తున్నారు. అక్క నోట్లోంచి గుండుసూదులు తీసి నావైపు చూసింది.

"తలుపు కొట్టి రావే. మనుసులుంటారిక్కడ."

టీ బల్ల మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి పైకి వచ్చేశాను.