ముందుగాల నేను!

సిద్దిరాములుకు రెండోవాడిగా ఉండటం చేతకాదు. ఏ పనైనా సరే, "ముందుగాల నేను!" అని చెయ్యెత్తేస్తాడు. ఆయన వెనకాలే నడుస్తూ జనానికి "ఏమనుకోకుండ్రి" అని చెప్పుకోవడంతోనే భార్య దుర్గమ్మ సంసారం సగం గడిచిపోయింది.

శామీర్‌పేటలో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి ఆయన తువ్వాల సీట్లో పడేది. పెళ్లికి పోతే మగపెళ్లివాళ్లకంటే ముందే మొదటి బంతిలో కూచునేవాడు. తొంభై ఆరులో తమ ఊరు అలియాబాద్‌లో కొత్త వాటర్ ట్యాంకు కట్టినప్పుడైతే, సర్పంచ్ కొబ్బరికాయ ఎత్తేలోపే నల్లా తిప్పి దోసిట్లో పట్టి తాగేశాడు.

"ఏంది సిద్దిరాములూ, నేనింకా కొబ్బరికాయ కొట్టనే లేదు!" అన్నాడు సర్పంచ్.

"కొట్టుండ్రి సార్, ఎవరొద్దన్నరు? నేను తాగి చూసిన. నీళ్లు మంచిగనే ఉన్నయి."

"ఏమనుకోకుండ్రి," అంది దుర్గమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

అదే ఇంట్లో ఉండే అన్న గండయ్య ఇందుకు పూర్తిగా తలకిందులు. పామునైనా చెప్పుతో కొడతాడు గాని డాక్టరు పేరెత్తితే చెమటలు పడతాయి. రెండువేల నాలుగులో ఆయనకు దొడ్డికి పోయినప్పుడల్లా రక్తం పడటం మొదలైంది. నెలల తరబడి ఎవరికీ చెప్పలేదు. ధోతి ఉతుకుతూ భార్య వజ్రమ్మ చూసి లబోదిబోమంటే అప్పుడు బయటపడింది. సిద్దిరాములు అన్నను లాక్కుని మేడ్చల్ డాక్టరు దగ్గరికి పోయాడు.

"మొలలే కావచ్చు. కానీ పేగు క్యాన్సర్‌లో కూడా ఇట్లాగే రక్తం పడుతుంది. చూడకుండా చెప్పలేను," అన్నాడు డాక్టరు. "సిటీలో చిన్న కెమెరా ఉన్న పైపుతో పెద్దపేగు లోపలంతా చూస్తారు."

"పైపు ఏడికెల్లి పంపుతరు సార్?" అన్నాడు గండయ్య.

డాక్టరు చెప్పాడు. గండయ్య చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండు దిక్కు నడిచాడు.

"సచ్చినా సరే, నేను పోను," అని ఇంటికొచ్చి మంచమెక్కాడు. వజ్రమ్మ ఏడుస్తూ కూలబడింది. దుర్గమ్మను కొత్త కోడలిగా వచ్చిన నాటి నుంచి కూతురిలా చూసుకున్న బావ. ఆయనకేమవుతుందోనని ఆమెకు ముద్ద దిగలేదు.

అప్పుడు లేచింది చెయ్యి. "ముందుగాల నేను!"

"నీకేమైందిరా?" అన్నాడు గండయ్య.

"ఏం గాలే. యాభై దాటినోళ్లు ఏ బాధ లేకున్నా ఒకపాలి చూపిచ్చుకుంటే మంచిదని డాక్టర్ సాబ్ నువ్వు పోయినంక చెప్పిండు. లోపల పెరిగేటిది మనకు చెప్పి పెరగదంట."

"పైపు కాడ గూడ పోటీయేనా!" దుర్గమ్మ నెత్తి కొట్టుకుంది.

"నేను నవ్వుకుంట బయటికొస్తెనే నువ్వు లోపలికి పో అన్నా. లేకుంటె మళ్ల బస్టాండుకు ఉరుకు."

గండయ్య మంచం దిగి తలూపాడు.

పరీక్ష ముందురోజు పేగు ఖాళీ కావడానికి మందు కలిపిన నీళ్లు జగ్గులకు జగ్గులు తాగాలి. సిద్దిరాములే ముందు మొదలెట్టాడు. కాసేపటికి ఇద్దరి కడుపుల్లోనూ ఒక్కసారే గుడగుడ. ఇంట్లో ఉన్నది ఒక్కటే పాయఖానా. అన్నదమ్ములిద్దరూ ధోతులు ఎగ్గట్టి ఉరికారు. అలవాటు ప్రకారం సిద్దిరాములే ముందు చేరి గడియ పట్టుకున్నాడు. "ఏమనుకోకు బావా," అనబోయింది దుర్గమ్మ.

సిద్దిరాములు తలుపు బార్లా తీసి, కాళ్లు మెలిపెట్టుకుని నిలబడ్డాడు. "నువ్వు పో అన్నా. జల్దీ!"

గండయ్య లోపలికి దూరాడు. సిద్దిరాములు గోడ పట్టుకుని వణుకుతూ కాసేపు ఓర్చి, ఇక కాదని చెంబు అందుకుని మక్కచేను దిక్కు పరుగెత్తాడు.

దుర్గమ్మ అక్కడే నిలబడిపోయింది. ఎందుకో బస్సు గుర్తొచ్చింది. తువ్వాల వేసి పట్టిన సీట్లో తను కూచుంది, బావ కూచున్నాడు, చంటిపిల్లల తల్లులు ఎందరో కూచున్నారు. సిద్దిరాములు కూచున్నట్టు మాత్రం ఒక్కసారీ గుర్తు రాలేదు. ట్యాంకు నీళ్లు కూడా ఊరి పిల్లలు తాగకముందే తాగి చూశాడు కదా. మొగుడి మీద అంత ముద్దు ఆమెకు పెళ్లయిన కొత్తలో కూడా రాలేదు.

మర్నాడు సిద్దిరాములు ఆ గదిలోంచి నవ్వుకుంటూనే వచ్చాడు. "మత్తుసూది ఇచ్చిండ్రు, పండుకుని లేచిన, గంతే!" గండయ్య దేవుళ్లందరినీ తలుచుకుని లోపలికి పోయాడు.

వారం తర్వాత ఆస్పత్రిలో డాక్టరమ్మ ఇద్దరినీ కూచోబెట్టింది. "గండయ్యగారూ, మీవి ఉత్త మొలలే. మందులతో తగ్గిపోతాయి." వజ్రమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. డాక్టరమ్మ సిద్దిరాములు వైపు తిరిగింది. "మీ పేగులోనే చిన్న గడ్డ దొరికింది. అప్పుడే తీసేశాం. అది ఇంకా క్యాన్సర్ కాలేదు. వదిలేస్తే కొన్నేళ్లకు అయ్యేదేమో. మూడేళ్లకు మళ్లీ రండి."

దుర్గమ్మ చప్పున మొగుడి చెయ్యి పట్టుకుంది.

"దీంట్ల గూడ నువ్వే ముందారా!" అని గండయ్య తమ్ముడి వీపు మీద ఒక్కటిచ్చాడు. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంచాడు.

మూడేళ్లకు సిద్దిరాములు వెంట అలియాబాద్ పెద్దవాళ్లు కూడా అదే పరీక్షకు ఓ ఆటో నిండా బయల్దేరారు. తీరా నర్సు తలుపు తీసి "ఎవరొస్తారు?" అనేసరికి నువ్వు పో అంటే నువ్వు పో అని ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. సిద్దిరాములు నోరు తెరవబోయాడు. ఆలోపే ఆ ఏడే యాభై దాటిన దుర్గమ్మ చెయ్యెత్తింది.

"ముందుగాల నేను!"

సిద్దిరాములు తెల్లబోయి చూశాడు. తర్వాత జనం వైపు తిరిగి, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని, "ఏమనుకోకుండ్రి," అన్నాడు.